ఒకే బస్సులో రెండు తలనొప్పులు

సంగీతను ఆ రోజు కూడా అలారం కంటే ముందు తలనొప్పే లేపింది. కుడి కణత దగ్గర మొదలై, కంటి వెనక్కి పాకి, మెడ దాకా దిగింది. కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి తలాపున పెట్టుకున్న గోలీల పట్టీ అందుకుంది. పరగడుపునే ఒకటి మింగి, ఖాకీ చొక్కా వేసుకుని బయలుదేరింది. భర్త దినేష్ బండి మీద తీసుకొచ్చి బాన్సువాడ డిపో ముందు దింపేసరికి ఐదున్నర అయింది.

పదకొండేళ్లుగా ఆమె కండక్టరు. వాళ్ల తండా నుంచి ఆ ఉద్యోగం ఎక్కిన మొదటి ఆడమనిషి. కొత్తలో తలనొప్పి నెలకు ఒకటి రెండుసార్లు, అదీ నెలసరి ముందు వచ్చేది. చీకటి గదిలో పడుకుంటే మర్నాటికి పోయేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఎక్కేవాళ్లు రెట్టింపయ్యారు. ప్రతి ఒక్కరి ఆధార్ కార్డు చూడాలి, ప్రతి ఒక్కరికీ మిషన్ మీద జీరో టికెట్ కొట్టాలి. వాళ్లంతా కూలికి, దవాఖానకు, కాలేజీకి పోయే ఆడవాళ్లే. వాళ్లలో తన తండావాళ్లూ ఉన్నారు. వాళ్లను ఏమీ అనలేదు సంగీత. కానీ నిలబడ్డచోట నుంచి కదలడానికి కూడా సందు లేని బస్సులో, రోజుకు ఆరు ట్రిప్పులు అరిచి అరిచి, సాయంత్రానికి ఆమె తల ఆమెది కాకుండా పోయేది.

చీకటి గదిలో పడుకునే తీరిక లేక గోలీలు మొదలయ్యాయి. మొదట వారానికి ఒకటి. తర్వాత రెండు రోజులకొకటి. వానకాలం వచ్చేసరికి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, కొన్ని రోజులు సాయంత్రం ఇంకొకటి.

ఆ రోజు బిచ్కుంద వెళ్లే మొదటి ట్రిప్పు. సంత రోజు కావడంతో బుట్టలు, కోళ్లు, మూటలు. తలుపు దగ్గర ఎవరో తలకు రాసుకున్న సంపెంగ నూనె వాసన, కింద నుంచి డీజిల్ వాసన. ఎండ ఏటవాలుగా కిటికీల్లోంచి కొడుతూ, రోడ్డు పక్క చెట్లు దాటినప్పుడల్లా వెలుగూ నీడా వెలుగూ నీడా అని కళ్లలో పొడుస్తోంది. బిచ్కుంద బస్టాండులో అందరూ దిగాక, సంగీత వెనక చక్రం దగ్గరికి పోయి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఉన్నది నీళ్లే.

డ్రైవరు ఏసయ్య సోడా సీసా పట్టుకొచ్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి. నాలుగేళ్లుగా ఇద్దరిదీ ఒకే బస్సు. ఏ బండినీ కోపంతో హారన్ కొట్టి తరిమినవాడు కాదు.

"మళ్ల లేసిందా చెల్లె?"

"లేసిందన్న. ఇగ రోజూ గింతే."

"గోలీ ఏస్కున్నవా?"

"ఏస్కున్న. వాంతిల పోయినట్టుంది."

ఇంకొకటి తీసి వేసుకోబోతుంటే ఏసయ్య చెయ్యి చాపాడు. "నాక్కూడ ఒకటియ్యి. మాపటికి పనికొస్తది."

"నీకేందన్న?"

"నాది నీ లెక్క కాదు. గీ ఎడమ కన్ను మీద, నొసలుకాడ. పగటీలి ఏముండది. మాపటీలి పొద్దు గూకుతుంటే మొదలైతది. ఎదురుంగ లారీలొస్తే లైట్ల చుట్టూ సింగిడి లెక్క రంగులు కనవడ్తయి. మంచిగనే ఉంటది సూస్తానికి." నవ్వాడు. "వయసైతలేదా మరి. నిద్ర సాలక గట్లైతది."

సంగీత పట్టీలోంచి రెండు గోలీలు తుంచి ఇచ్చింది. ఆ తర్వాత నెల రోజులు అతను అడిగినప్పుడల్లా ఇస్తూనే ఉంది. తనకు తగ్గించే మందు అతనికి తగ్గించదా అనుకుంది.

తలనొప్పికి కారణం చెప్పని మనిషి లేడు. గ్యాస్ అని ఒకరు, రక్తం తక్కువని ఒకరు. అత్త దేవీబాయి మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు సంగీతకు నొప్పి ఇంకా పెరిగింది. దినేష్ ఏమీ అనలేదు గానీ, అతని మనసులో ఏముందో ఆమెకు తెలుసు. రెండేళ్ల కింద తండాలో ఫూల్‌సింగ్ ఇలాగే తల పట్టుకుని తిరిగి, హైదరాబాదులో స్కానింగ్ తీస్తే మెదడులో గడ్డ అన్నారు. మూడు నెలలు కూడా బతకలేదు. అద్దం ముందు తల దువ్వుకుంటూ సంగీత కొన్నిసార్లు కుడి కణత మీద వేలితో నొక్కి చూసుకునేది, గడ్డ తగులుతుందేమోనని.

ఒక సాయంత్రం దినేష్ అన్నాడు. "నీ వీక్లీ ఆఫ్ ఎప్పుడు? దవాఖానకు పోదాం."

"పోయి ఏం జేస్తం? వాళ్లు ఏమంటరో నాకెరుకే."

"ఏమంటే గదే. ఎరుకలేక సచ్చుడు కంటే నయం కదా."

ఆ మాట అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

*

బాన్సువాడ పెద్ద దవాఖానలో ఆ రోజు ఓపీలో ఉన్నది డాక్టరు యశస్వి. దగ్గర్లోనే కాలువ కింద ఉన్న కోస్తావాళ్ల క్యాంపు ఊరి పిల్ల. ఆమె తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట మాత్రం మారలేదు. బయట ఇంకా అరవై మంది కూర్చుని ఉన్నారు. ఆమె ముఖం కూడా అలిసిపోయే ఉంది. అయినా పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఎక్కడ వస్తుందో చెయ్యి పెట్టి చూపించండి."

సంగీత చూపించింది.

"బిగబట్టినట్టు ఉంటుందా, కొట్టుకుంటున్నట్టు ఉంటుందా?"

"డప్పు కొట్టినట్టుంటది మేడం. మెట్లెక్కితే ఇంకెక్కువ."

"వెలుతురు? చప్పుడు?"

"రెండూ పడయి. వాసన గూడ పడది. కానీ నా కొలువే గవిట్ల నడుమ కదా."

"మీ అమ్మగారికి ఉండేదా ఇలా?"

సంగీత ఆలోచించింది. "ఉండె. తలకు గుడ్డ గట్టుకొని చీకట్ల పండేది. అన్నం వండకపోయేది. మేం దయ్యం పట్టిందనుకున్నం మేడం." చిన్నప్పుడు అమ్మ పడుకున్న గది తలుపు బయట నిలబడి తాను ఆకలని ఏడవడం గుర్తొచ్చింది.

డాక్టరు ఆమె కళ్లలోకి లైటు వేసి చూసింది. బీపీ చూసింది. చేతులు చాపమంది, గీత మీద నడిచినట్టు నడవమంది, మెడ వంచమంది. కంటి లోపలి పొర కూడా ఒక చిన్న అద్దం పెట్టి చూసింది.

"మేడం, స్కానింగ్..." అన్నాడు పక్కన నిలబడ్డ దినేష్.

"ఇప్పుడు అక్కర్లేదు. గడ్డ ఉన్నప్పుడు కనిపించే గుర్తులు ఏమీ లేవు. పదేళ్లుగా ఒకే తీరుగా వచ్చి పోతున్న నొప్పి ఇది." ఆమె సంగీత వైపు తిరిగింది. "చూడండి, తలనొప్పి అనేది ఒకే జబ్బు కాదు. తలకి పట్టీ బిగించినట్టు రెండు పక్కలా పట్టేసేది ఒకటి ఉంది. ఎక్కువమందికి వచ్చేది అదే. నిద్ర చాలకో, దిగులుతోనో, మెడ పట్టేసో వస్తుంది. దాంతో మనిషి పని చేసుకోగలడు. మీది అది కాదు. మీది మైగ్రేన్, మీ అమ్మగారి నుంచి వచ్చింది. ఆవిడకి దయ్యమూ లేదు, ఏమీ లేదు. సరే, గోలీలు ఎన్ని వేసుకుంటున్నారు?"

"అప్పుడప్పుడు మేడం."

"అప్పుడప్పుడు అంటే?"

సంగీత కిందికి చూసింది. దినేష్ కూడా చూస్తున్నాడు. అతనికీ లెక్క తెలియదు. డాక్టరు చెయ్యి చాపింది. "బ్యాగు ఒకసారి ఇలా ఇస్తారా?"

సంగీత తానే బ్యాగు తెరిచి, మూడు పట్టీలు తీసి బల్ల మీద పెట్టింది. రెండు ఖాళీవి. "రోజుకు రెండు. ఒక్కోసారి మూడు. ఐదు నెలలైతుంది."

డాక్టరు మందలించలేదు. ఖాళీ పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"నెలకి రెండుసార్లు వచ్చేది మైగ్రేన్. ఈ రోజూ వచ్చేది గోలీలది."

"గోలీలు నొప్పి తగ్గిస్తయి కదా మేడం?"

"తగ్గిస్తాయి, నెలలో నాలుగైదు రోజులు వాడితే. రోజూ వాడితే తల దానికి అలవాటు పడిపోతుంది. మందు దిగిపోగానే ఇంకోటి కావాలని నొప్పి లేస్తుంది. నొప్పికి గోలీ వేస్తున్నాను అనుకుంటున్నారు మీరు. ఇప్పుడు గోలీ వల్లే నొప్పి వస్తోంది."

ఆపేయాలంది. ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుందని, దానికి సిద్ధపడాలని కూడా దాచకుండా చెప్పింది. పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసింది. అది నొప్పి తగ్గించేది కాదు, రాకుండా చూసేది, నెల దాకా గుణం కనిపించదు అంది. పొద్దున ఏమైనా తినకుండా డ్యూటీ ఎక్కొద్దంది. సెలవు రోజున కూడా ఎక్కువసేపు పడుకోవద్దు, రోజూ లేచే వేళకే లేవమంది. ఏ రోజు నొప్పి వచ్చిందో, ఆ ముందు రోజు ఏం తిన్నదో, ఎంతసేపు నిద్రపోయిందో ఒక పుస్తకంలో రాయమంది.

"ఈ మాత్ర ఇంకెవరికీ ఇవ్వకండి. ముఖ్యంగా కళ్ల జబ్బు ఉన్నవాళ్లకి. పాత గోలీలు కూడా ఎవరికీ ఇవ్వొద్దు. ఎవరి తలనొప్పి ఎందుకొస్తుందో మనకి తెలియదు కదా." చీటీ మీద సంతకం పెడుతూ చెప్పుకుపోయింది. "పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెయ్యో మాటో పడిపోయినా వెంటనే తీసుకురావాలి. యాభై దాటాక కొత్తగా మొదలైనా అంతే. కన్ను ఎర్రబడి, నొప్పితో పాటు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు. చూపు పోతుంది."

సంగీత లేవబోయి మళ్లీ కూర్చుంది.

"మేడం, గా రంగులు... సింగిడి లెక్కనా?"

"అలాగే. ఎవరికి?"

సంగీత నోరు తెరిచింది. బయట అరవై మంది ఉన్నారు, గుమ్మంలో నర్సు ఇంకో పేరు పిలుస్తోంది. "ఎరుకైనోళ్లకు" అంది.

"ఇవాళే పంపించండి వాళ్లని" అంది డాక్టరు.

ఇంటికొచ్చాక ఏసయ్యకు ఫోన్ చేసింది. అతను డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం ఎత్తి, ఆమె చెప్పింది విని నవ్వాడు. "నీ తలకాయ సంగతి సూస్కో చెల్లె ముందుగాల."

*

సంగీత వారం రోజులు సెలవు పెట్టింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి నొప్పి ఎలా వచ్చిందంటే, మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలన్నా భయమేసింది. నీళ్లు తాగితే వాంతి. దినేష్ కిటికీకి దుప్పటి కట్టాడు.

దేవీబాయికి కోపం వచ్చింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే లంబాడీ మాటలో గట్టిగానే అంది. "నొప్పని పోతే ఉన్న మందు గుంజుకునుడేంది? గదేం డాక్టరు?" కానీ ఆ రోజు నుంచి పోపు పెట్టడం మానేసింది. వాసనకు కోడలు కక్కుతోందని ఉడకబెట్టిన పప్పు, జొన్నరొట్టె చేసి, గంటకోసారి ముక్క తుంచి నోట్లో పెట్టింది. "ఉత్త కడుపుతోని ఉండొద్దన్నది కదా ఆమె" అని గొణుక్కుంటూనే పెట్టింది.

నాలుగో రోజు తండాలో పెళ్లి. డీజే బండి వచ్చింది. మొదటి పాట మొదలవగానే గోడలు అదిరాయి. సంగీత రెండు చేతులతో తల పట్టుకుని నేల మీదికి జారింది. దేవీబాయి బయటికి వెళ్లింది. ఏం అందో, ఎవరితో అందో తెలియదు గానీ, పావుగంటలో ఆ బండి తండా చివరికి జరిగింది. తిరిగొచ్చి ఏమీ చెప్పకుండా గుమ్మంలో కూర్చుని రొట్టెల పిండి కలిపింది. ఆమె తలకొంగు పక్కకు జారి, ఊపిరి ఎగపోస్తోంది.

ఆరో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు సంగీత లేచి, గోడ పట్టుకుని నడిచి, తండాలో కిరాణం కొట్టుకు పోయింది. ఒక గోలీ అడిగింది. అక్కడే మింగింది. అరగంటలో నొప్పి దిగింది. ఐదు నెలల్లో ఏ గోలీ అంత బాగా పనిచేయలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, నొప్పి లేని తలతో, తన మీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది. సాయంత్రం దినేష్‌కు చెప్పింది.

"ఒక్కటే కదా" అన్నాడతను. "రేపటి సంది మళ్ల షురూ జేయి. ఫికర్ జేయకు." ఆమె నొప్పి లెక్క రాసుకునే పుస్తకం తెచ్చి, తారీఖు వేసి, 'గోలీ ఒకటి' అని అతనే రాశాడు.

తొమ్మిదో రోజు పొద్దున మెలకువ వచ్చినప్పుడు, ఏదో తక్కువైనట్టనిపించింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. నొప్పి లేదు. నీరసం మాత్రం పొలంలో పది రోజులు నాట్లేసినంత ఉంది. పొడిగించిన సెలవు కూడా ఆ రోజుతో అయిపోయింది.

*

డ్యూటీలో చేరిన మొదటి రోజే ఏసయ్య ముఖం చూసి సంగీతకు దిగులేసింది. ఎడమ కంటి కింద వాచి ఉంది.

"దవాఖానకు పోయినవా అన్న?"

"పోత. క్రిస్మస్ ఎల్లనియ్యి."

"మేడం ఇవాళే పంపుమన్నది పది రోజుల కింద. చూపు పోతదన్నది."

ఏసయ్య స్టీరింగ్‌ను గుడ్డతో తుడిచాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "పోతే ఏం జేస్తరు చెల్లె? కంట్ల దోషమున్నదని రాస్తరు. రాస్తే స్టీరింగ్ తీస్కుంటరు. ముప్పై ఏండ్లాయె గిది పట్టుకొని. నాకింకో పని రాదు. బిడ్డ నర్సింగ్ ఇంకో ఏడాదున్నది. గా ఏడాది ఎల్లనియ్యి." గుడ్డ పక్కన పడేసి అడిగాడు. "నీకేదో చిన్న గోలీ ఇచ్చిందన్నవు గద, తలనొప్పి రాకుంట. గదొకటియ్యి నాకు."

"గది నీకియ్యొద్దు. కండ్ల దోషమున్నోళ్లకు అసలే ఇయ్యొద్దన్నది."

"అయితే పాతయియ్యి."

"లేవు. పారేసిన."

అతను మొహం తిప్పుకున్నాడు. ఆ రోజంతా పని మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. సంగీత డిపోలో చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించింది. చెబితే అతని అన్నం తీసినట్టు. చెప్పకపోతే వెనక అరవై డెబ్భై మంది. రెండు రోజులూ సాయంత్రం ట్రిప్పులో ఆమె టికెట్లు కొట్టడం ఆపి రోడ్డు వైపే చూసింది. రెండు రోజులూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి చెప్పలేదు. ఆ సంగతి తర్వాత ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

మూడో రోజు సాయంత్రం నిజాంసాగర్ నుంచి తిరిగొస్తున్నారు. డిసెంబరు కావడంతో ఆరు కాకముందే మసకబారింది. కాలువ గట్టు పక్క రోడ్డు, రెండు వైపులా కోతకొచ్చిన చెరుకు. బస్సు నిండా జనం. ముందు ఒక ట్రాక్టరు రెండు ట్రాలీల చెరుకు వేసుకుని పోతోంది. వెనక లైటు లేదు. ఎదురుగా లారీ లైట్లు వేసుకుని వస్తోంది. సంగీతకు ట్రాలీ కనిపించింది. ఏసయ్య వేగం తగ్గించలేదు.

"అన్నా, ట్రాలీ!"

బ్రేకు పడింది. బస్సు మొత్తం ముందుకు విసిరినట్టయింది. సంచులు దొర్లాయి, పిల్లలు ఏడ్చారు, ఒక ముసలమ్మ రాడ్‌కు నుదురు కొట్టుకుంది. ట్రాలీలోంచి బయటికి పొడుచుకొచ్చిన చెరుకు గడలు ముందు అద్దానికి జానెడు దూరంలో ఆగాయి. ట్రాక్టరు వాడికి వెనక ఏం జరిగిందో కూడా తెలియదు. అలాగే పోయాడు.

ఏసయ్య ఇంజను ఆపి, తల స్టీరింగ్‌కు ఆనించాడు. సంగీత జనంలోంచి తోసుకుని ముందుకొచ్చింది. అతను తల ఎత్తాడు. ఎడమ కన్ను చింతనిప్పులా ఉంది. నీళ్లు కారుతున్నాయి. కిటికీలోంచి బయటికి వంగి వాంతి చేసుకున్నాడు.

"ఏం కాలే" అన్నాడు నోరు తుడుచుకుంటూ. "రైట్ అను చెల్లె. పోదాం."

సంగీత అనలేదు.

"రైట్ అనమంటున్న!"

"అన. బండి కదలొద్దు."

వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. "గీ పొద్దుగూకే యాల నడిమిట్ల ఆపుతరా?" "పిల్లలు ఇంటికాడ ఎదురుసూస్తుండ్రు!" "ఆయన నడుపుతనంటుంటే నీకేందమ్మ?" సంగీత ఎవరికీ జవాబు చెప్పలేదు. చెయ్యి చాపి, తాళంచెవి తీసుకుంది. ఏసయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆమె చూస్తూ నిలబడింది. కాసేపటికి వదిలేశాడు.

డిపోకు ఫోన్ చేసింది. అక్కడ సిగ్నలు సరిగా లేక గట్టిగా అరవాల్సి వచ్చింది. "డ్రైవరుకు కన్ను కనిపిస్తలేదు సార్! బండి నడపరాదు! వేరే డ్రైవర్ను పంపుండ్రి!" బస్సులో అందరూ విన్నారు. ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. ఏసయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అటుగా వచ్చిన ఒక ఆటోను ఆపింది. ఇంకో బస్సు వచ్చేదాకా జనాన్ని చూసుకొమ్మని బస్సులోనే ఉన్న ఒక కానిస్టేబులుకు అప్పగించి, ఏసయ్యను ఆటోలో ఎక్కించుకుంది. దారి పొడుగునా అతను తల పట్టుకుని మూలుగుతూనే ఉన్నాడు. ఆమెతో అన్నది ఒక్క మాటే. "అందరి ముంగట గట్ల అరుస్తవా?"

దవాఖానలో డాక్టరు యశస్వే ఉంది. ఎడమ కన్ను మీద లైటు వేసి చూసి, మాట్లాడకుండానే నర్సును పిలిచింది. కంటి లోపల నీటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోయిందని, వలయాలు కనిపించినప్పుడల్లా కొంచెం కొంచెం పెరిగి దిగుతూ వచ్చిందని, మసక వేళ కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి అప్పుడే నొప్పి వచ్చేదని చెప్పింది. చుక్కలు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్సులో నిజామాబాదు పంపింది. ఏసయ్య భార్య పరుగున వచ్చి, సంగీతను చూడకుండానే అంబులెన్సు ఎక్కింది.

"ఎరుకైనోళ్లన్నది ఈయన్నేనా?" అని అడిగింది డాక్టరు. సంగీత తల ఊపింది. "ఆయన తీసుకున్న గోలీలు నేనిచ్చినయే మేడం. నెల రోజులు."

డాక్టరు కుర్చీ ఆమె వైపు జరిపింది. "కూర్చోండి. ముందు మీరు ఏమైనా తినండి" అంది.

సంగీతకు అప్పటికే కుడి కణత కొట్టుకుంటోంది. ఇది అసలుది, పాతది. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

*

ఏసయ్య కుడి కన్ను దక్కింది. దానికి కూడా అదే ముప్పు ఉందని లేజరుతో ముందే సరిచేశారు. ఎడమ కంట్లో పక్క చూపు సగానికి పైగా పోయింది, ఇక రాదన్నారు. స్టీరింగ్ పోయింది. అతను భయపడ్డవాటిలో అదొక్కటే జరిగింది. ఉద్యోగం పోలేదు. డిపోలో కూర్చుని బండ్ల రాకపోకలు రాసే పని ఇచ్చారు. కూతురి చదువు ఆగలేదు.

సంగీత బస్సుకు మోతీరాం అనే డ్రైవరు వచ్చాడు. పాటలు గట్టిగా పెట్టేవాడు. రెండు రోజులు చూసి, తన తలనొప్పి సంగతి చెప్పింది. తగ్గించాడు, కానీ మొహం ముడుచుకునే తగ్గించాడు. ఇప్పుడు ఆమె బ్యాగులో రొట్టె ఉంటుంది. తొమ్మిదింటికి బిచ్కుందలో బస్సు ఆగగానే, ఎవరేమనుకున్నా, కూర్చుని తింటుంది. ఎండ కొట్టే పక్క నిలబడదు. పుస్తకం రాస్తుంది. జనవరిలో నొప్పి నాలుగు రోజులు వచ్చింది. రెండు నెలసరి ముందు, ఒకటి నిద్ర లేక, ఒకటి ఎందుకో తెలియదు. పక్కన 'తెల్వదు' అని రాసుకుంది. పని మాత్రం తగ్గలేదు, జనమూ తగ్గలేదు. సాయంత్రానికి కాళ్లు ఈడ్చుకుంటూనే దిగుతుంది.

ఏసయ్య ఆమెతో నెలన్నర మాట్లాడలేదు. ఆమె డ్యూటీ చార్టు మీద సంతకం పెట్టేటప్పుడు కాగితం జరిపేవాడు, అంతే. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బండి మరమ్మతుకు పోయి, ఆమెకు గంట ఖాళీ దొరికింది. అతని బల్ల ముందు నిలబడింది.

"తలనొప్పి ఎట్లుంది?" అన్నాడతను, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"తక్కువైంది. నీ కన్ను?"

"గీ పక్క నుంచి ఎవరొచ్చినా కనవడరు. మనిషి మీదికొచ్చినంక ఉలికిపడ్త."

"నామీద కోపం పోలేదా అన్న?"

ఏసయ్య పెన్ను మూత పెట్టాడు. బయట ఒక బస్సు వెనక్కి వస్తుంటే దాని చప్పుడు విని, మొత్తం తల తిప్పి చూసి, మళ్లీ ఇటు తిరిగాడు.

"పోలే" అన్నాడు. "నువ్వు జేసింది తప్పని కాదు. మా ఇంటిది రోజూ చెప్తది నీ గురించి మంచిగ. నాకూ ఎరుకే. కానీ పొద్దున బండ్లు ఎల్తుంటే సూస్కుంట కూసుంట కదా, అప్పుడు కోపమొస్తది. ఎవరి మీదొస్తదో నాకే తెల్వది. నువ్వు యాదికొస్తవు."

"నాకు గూడ నేను యాదికొస్త" అంది సంగీత. "గా గోలీలు ఇచ్చుడు."

అతను కాలితో పక్కన ఉన్న స్టూలు ఆమె వైపు నెట్టాడు.

"ఎంతసేపు నిలవడ్తవు, కూసో. చాయ్ చెప్త."

ఆమె కూర్చుంది. బూట్లు విప్పి, పాదాలు చల్లటి బండ మీద ఆనించింది. ఏసయ్య మొత్తం తల తిప్పి బయటికి చూసి, రెండు చాయ్‌లు చెప్పాడు.